కట్టు విప్పిన రోజు

నేరం రుజువైపోయిందని అందరూ నమ్మిన చోట మనం కథను వదిలిపెట్టాం. నర్సమ్మగారి పుంజు కొత్వాలు ఒక మధ్యాహ్నం ఎడమ కాలు నేల మోపలేక కుంటుతూ కనిపించింది. వెనక గదిలో అద్దెకుంటున్న కుట్టుపని అమ్మాయి రాయి విసిరి కొట్టిందని నర్సమ్మగారి తమ్ముడు చెప్పాడు. ఆ అమ్మాయి చేతిలో రాయి తన కళ్లతో చూశానని పక్క పెరటి మేస్త్రి సాక్ష్యం పలికాడు. నిందపడ్డ మనిషి మాత్రం పెదవి బిగించి నేల చూసింది. ఆ మౌనాన్ని నర్సమ్మగారు ఒప్పుకోలుగా తీసుకున్నారు. నెలాఖరుకు గది ఖాళీ చెయ్యమన్నారు. ఒంటరిగా బిడ్డను పెంచుకుంటున్న ఆడమనిషికి మరో గది దొరకడం ఎంత కష్టమో ఆవిడకు తెలియక కాదు. తెలిసే అన్నారు.

ఈ రోజు నెలాఖరు.

తెల్లవారగానే నర్సమ్మగారు ఎప్పటిలాగే గూటి తలుపు తీశారు. గూటిలోంచి బయటికి వచ్చే వరస ఎవరో రాసిపెట్టినట్టు ఉంటుంది. ముందుగా గయ్యాళి పెట్ట, దాని వెనకే దానికి భయపడే రెండు పడుచు పెట్టలు, తరువాత ఎవరి జోలికీ పోని బూడిద పెట్ట, అన్నిటికన్నా ఆఖరున పిల్లల కోడి. వీటన్నిటికీ ముందు కొత్వాలు దిగేది. దిగి, మెడ పక్కకు వంచి ఒక కంటితో ఆకాశాన్ని పరీక్షించేది. గద్ద లేదని నిశ్చయమయ్యాక గొంతులో చిన్న శబ్దం చేసేది. ఆ శబ్దం వినబడితేనే మిగతావి గడప దాటేవి. నూకలు చల్లితే తాను ముట్టకుండా పెట్టలను పిలిచి, అవి తింటుంటే కాపలా కాసేది. అందుకే దానికి ఆ పేరు.

ఇప్పుడు ఆ పని ఒక నల్లని కుర్రపుంజు చేస్తోంది. ఆకాశం చూడదు, ముందు తానే తింటుంది. కొత్వాలు గోడ వారన విడిగా పెట్టిన గంప కింద కూర్చుని ఉంది. కాలికి ఐస్ పుల్లలు దన్నుగా పెట్టి నర్సమ్మగారు స్వయంగా చుట్టిన కట్టు. ఉద్యోగమంతా ఆసుపత్రిలో ఆపరేషన్ల వార్డులో గడిపిన చేతులు ఆవిడవి. కట్టు ఎంత అందంగా ఉందంటే, ఆ రోజు చూసినవాళ్లు పుంజును పరామర్శించడం మాని కట్టును మెచ్చుకున్నారు.

నీళ్ల తొట్టె కడుగుతూ ఆవిడ ఒక సంగతి గమనించారు. వెనక గదిలో మిషను చప్పుడు లేదు. ఆ చప్పుడు ఉన్నన్నాళ్లూ విసుక్కున్నారు. అది లేని ఈ పొద్దున పెరడు ఏదో వార్త కోసం చెవి ఒగ్గినట్టుంది. బూడిద పెట్టకు మాత్రం ఈ మార్పులేవీ పట్టలేదు. అది మేత తిని, తీరిగ్గా రెక్కలు దులుపుకుని, రోజూ వెళ్లే చోటికే వెళ్లింది. ఆ అమ్మాయి గదిలో కత్తిరించిన గుడ్డపీలికల బుట్ట ఉంది. బూడిద పెట్ట గుడ్డు పెట్టేది అందులోనే. పెట్టిన ప్రతి గుడ్డునూ ఆ అమ్మాయి తెచ్చి నర్సమ్మగారి గడప మీద ఒక గిన్నెలో ఉంచేది. నింద పడ్డ తరువాత కూడా, మాటలు ఆగిపోయిన తరువాత కూడా, గిన్నెలో గుడ్డు ఆగలేదు.

“ఏం అక్కగారూ, కొత్వాలుకి ఇవాళేనా సంకెళ్లు తీసేది?” అని గోడ అవతల నుంచి మేస్త్రి తల పైకెత్తాడు. ఇళ్లు కట్టడం మానేసి కోళ్లు పెంచుకుంటున్న మనిషి. గోడ తాను కట్టిందే కనుక దాని మీద మోచేతులు ఆనించే హక్కు తనకుందని అతని ఉద్దేశం.

“ఇవాళే. నువ్వొచ్చి పట్టుకోవాలి. నాకొక్కదానికి లొంగదు.”

“నాకు మాత్రం లొంగుతుందా. కాలు దెబ్బతినక ముందు మా పెట్టల దగ్గరికి వస్తే చీపురు ఎత్తాను. ఎదురు తిరిగి నన్నే ఇంట్లోకి తరిమింది. మా ఆవిడ లోపల గడియ పెట్టుకుని, ‘ఇన్నేళ్లకి మీకు తగినవాడు దొరికాడు, మీరిద్దరూ తేల్చుకోండి’ అంది.”

“గోడ దూకి వచ్చిందా మీ పెరట్లోకి?”

“ఎక్కడ దూకడం? అప్పటికే గోడెక్కడం మానేసిందిగా. కాలవ కంతలోంచి దూరి వచ్చేది. ఒళ్లొచ్చింది కాబోలనుకున్నాను.”

నర్సమ్మగారు విన్నారు. కానీ ఆ క్షణాన ఆవిడ మనసు వేడినీళ్ల మీద, దూది మీద ఉంది.

పెరట్లో బట్టలుతికే రాతి మీద పాత దుప్పటి పరిచారు. మేస్త్రి వచ్చి పుంజును రెండు రెక్కలూ కలిపి ఒడిసిపట్టి, తల మీద తువ్వాలు కప్పాడు. చీకటి పడిందనుకుని అది కాస్త నెమ్మదించింది. ఆవిడ కట్టు విప్పారు. పుల్లలు తీశారు. పాదం ఉబ్బి ఉంది. రెండు వారాల కట్టు తరువాత తగ్గవలసిన వాపు తగ్గలేదు, పైగా పెరిగింది.

“ఎముక అతుక్కోలేదా?” అన్నాడు మేస్త్రి.

ఆవిడ కళ్లు మూసుకుని బొటనవేలితో, చూపుడువేలితో ఎముక వెంట కిందినించి పైకి తడుముకుంటూ వచ్చారు. అతుక్కున్న ఎముక మీద చిన్న బుడిపె తగలాలి. అతుక్కోకపోతే ఎడం తగలాలి. ఈ ఎముక ఆసాంతం నున్నగా, సూటిగా ఉంది. ఇది విరిగి అతికిన ఎముక కాదు. అసలు విరగని ఎముక.

ఆ రోజు ఈ పని ఎందుకు చెయ్యలేదు? వార్డులో ఏ రోగి వచ్చినా ముందు చెయ్యి వేసి చూడకుండా కట్టు కట్టిన పాపాన పోలేదే. ఆ రోజు మాత్రం పుంజు కొట్టుకుంటోందని, దానికి నొప్పిగా ఉంటుందని, గబగబా చుట్టేశారు. నిజానికి తొందర పుంజుది కాదు, ఆవిడ కోపానిది. రాయి దెబ్బ అని చెవిన పడింది. రాయి దెబ్బకు కట్టవలసిన కట్టు చేతులు కట్టేశాయి.

వేలు పైకి జరిగింది. పాదం పైన, ఈకలు మొదలయ్యే చోట, ఒక గాడి తగిలింది. కాలు చుట్టూ సన్నగా, లోతుగా, గుండ్రంగా ఉన్న గాడి. రాయి దెబ్బ గుండ్రంగా గాడి పెట్టదు.

“తువ్వాలు జారనివ్వకు,” అన్నారు నర్సమ్మగారు. ఆ గొంతు విని మేస్త్రి పుంజును మరింత దగ్గరికి అదుముకున్నాడు.

వేడినీళ్లలో దూది ముంచి ఈకలు తడిపి విడదీశారు. చర్మం గాడి మీదికి పెరిగి మూసుకుపోయింది. పటకారుతో అంచు ఎత్తి, చిన్న కత్తెర మొన లోపలికి పోనిచ్చి, ఒక్కసారి నొక్కారు. కొత్వాలు ఒళ్లంతా ఒక్క కుదుపు కుదిపింది. పటకారు కొనకు తడిసిన దారం వచ్చింది. నీళ్లలో జాడిస్తే దాని రంగు తెలిసింది. ఎరుపు.

ఆ వీధిలో పెరళ్లు ఒకదానిలోంచి ఒకదానిలోకి తెరుచుకుని ఉంటాయి. కోడిపిల్లలకు ఎల్లలు తెలియవు. అందుకని గుడ్డులోంచి వచ్చిన పిల్ల కాలికి ఇంటికొక రంగు దారం కడతారు. మేస్త్రిది పచ్చ, నర్సమ్మగారిది ఎరుపు. పిల్ల ఎదిగేకొద్దీ పాత దారం కత్తిరించి వదులుగా కొత్తది కట్టాలి. ముఖం చూసి గుర్తుపట్టేంత పెద్దదయ్యాక పూర్తిగా తీసెయ్యాలి. కొత్వాలు కాళ్ల నిండా బొచ్చుండే జాతి. పసిపిల్లగా ఉన్నప్పుడు కట్టిన దారం పైకి జరిగి ఆ బొచ్చులో దాగింది. ఊడిపోయిందనుకుని ఆవిడ రెండో కాలికి ఇంకొకటి కట్టారు. ఆ రెండోదాన్ని శ్రద్ధగా, వేళకు తీసేశారు. మొదటిది అక్కడే ఉంది. కాలు లావెక్కింది, దారం ఎక్కలేదు.

ఆవిడ దారాన్ని అరచేతిలో పెట్టుకుని ముడి చూశారు. మామూలు ముడికి ఒక మెలిక ఎక్కువ. ఆపరేషను గదిలో నేర్చుకున్న ముడి. ఆ వీధిలో అలా ముడి వేసే చెయ్యి ఒక్కటే.

కొత్తగా చేరిన నర్సు పిల్లలకు ఆవిడ మొదటి రోజునే ఒక మాట చెప్పేవారు. రక్తం ఆపడానికి బిగించి కట్టిన పట్టీ వైద్యమే, కానీ కట్టినవాళ్లు దాన్ని విప్పడం మరిచిపోతే ఆ వైద్యమే కాలు తీసేస్తుంది. విప్పే బాధ్యత కట్టినవాళ్లదే, రోగిది కాదు. ఈ మాట చెప్పి ఎంతమంది పిల్లలను భయపెట్టారో.

మేస్త్రి దారం వంక, ఆవిడ ముఖం వంక చూసి, గొంతు తగ్గించాడు.

“అక్కగారూ, దీన్ని మీరు చూశారు, నేను చూశాను. పోనీ, నేను చూడలేదనుకోండి.”

“నీ కళ్లు బాగానే ఉన్నాయిగా.”

“ఉన్నాయి కాబట్టే చెప్తున్నా. ఆ అమ్మాయి సామాను సర్దేసుకుంది. సాయంత్రానికి వెళ్లిపోతుంది. వీధి వీధంతా వినేలా మీరు దాన్ని తిట్టారు. ఇప్పుడెళ్లి తప్పు నాదే అంటే రేపట్నించి మీ మాట ఎవడు వింటాడు? కుళాయి గొడవొచ్చినా, మురుగు కాలవ గొడవొచ్చినా తీర్పుకి మీ దగ్గరికే కదా వస్తారు.”

“ఇకనుంచి రారు. వాళ్లకే మంచిది.” ఆవిడ గాయం కడిగి మందు రాశారు. “ఇప్పుడు నువ్వు చెప్పు. ఆ మధ్యాహ్నం నువ్వు చూసిందేమిటి?”

“చెప్పానుగా. రాయి.”

“మొదట్నించీ చెప్పు.”

“మొదలంటూ ఏముంది? నేను మా గూడు దగ్గర తౌడు కలుపుతున్నాను. ఇటు పుంజు అరిచింది. గద్దేమో అని గోడ దగ్గరికొచ్చి చూశాను. ఆ అమ్మాయి చెయ్యెత్తి నిలబడి ఉంది.”

“రాయి చేతిలో ఉందా, వదిలేసిందా?”

మేస్త్రి ఆలోచించాడు. “చేతిలో ఒకటి ఉంది. అంతకు ముందు ఇంకోటి వేసిందేమో, అది నేను చూడలేదు.”

“పుంజు ఎక్కడుంది?”

“దాని ముందర.”

“ముందరంటే? అటు తిరిగి ఉందా, ఇటు తిరిగి ఉందా? పారిపోతోందా?”

“లేదు. మెడ ఈకలు నిక్కబొడుచుకుని నిలబడి ఉంది. వీపు అమ్మాయి వైపుంది.”

“రాయి పట్టుకున్న మనిషికి వీపు చూపించి నిలబడే పుంజును నువ్వెప్పుడైనా చూశావా?”

తువ్వాలు కింద కొత్వాలు చిన్నగా మూలిగింది.

“పుంజును కొట్టిందని నీకెవరు చెప్పారు?”

“తమ్ముడుగారే. అక్కడే ఉన్నారుగా. నా తల గోడ మీద కనబడగానే ‘చూడు మేస్త్రీ, మా పుంజును ఎలా కొట్టిందో’ అన్నారు. నాకూ అలాగే అనిపించింది.”

నర్సమ్మగారు చేతులు కడుక్కున్నారు. వార్డులో కడిగినట్టు, మోచేతుల దాకా, గోళ్ల సందులతో సహా కడిగారు. దారాన్ని తెల్లని దూది మీద పెట్టి, ఆ దూదిని అరచేతిలో ఉంచుకుని, పెరడు దాటి వెనక గదికి నడిచారు. ఆ అమ్మాయిని ఎన్నోసార్లు పిలిపించుకున్నారు కానీ ఆ గుమ్మం దగ్గరికి తాము వెళ్లడం ఇదే మొదలు.

గది అప్పటికే సగం ఖాళీ. మిషను చక్రం తిరగకుండా గుడ్డతో కట్టి ఉంది. కుట్టడం పూర్తయిన స్కూలు యూనిఫారాలు సైజుల వారీగా మూటలు కట్టి, ఒక్కో మూటకూ సుద్దతో గుర్తు పెట్టి ఉంది. వెళ్లిపోయే మనిషి కూడా ఎవరి పనీ ఎగ్గొట్టలేదు. గోడకు బిడ్డ గీసిన కోడి బొమ్మ ఒకటి ఇంకా అంటుకుని ఉంది. మూలన గుడ్డపీలికల బుట్ట, అందులో కళ్లు అరమోడ్చి బూడిద పెట్ట.

“అమ్మాయ్.”

ఆ అమ్మాయి తల తిప్పింది. “ఇంకో గంట పెద్దమ్మగారూ. గది కడిగి తాళం ఇచ్చేస్తాను. మా పాప స్కూల్నించి రాగానే వెళ్లిపోతాం. ఆ బుట్టొక్కటి మిగిలింది. అది దిగితే గాని కట్టడానికి లేదు.”

“తాళం కోసం రాలేదు.” నర్సమ్మగారు అరచెయ్యి చాపారు. “ఇది కొత్వాలు కాల్లో దొరికింది. పిల్లగా ఉన్నప్పుడు నేనే కట్టాను. తియ్యడం మరిచిపోయాను. దాని కాలు చెడగొట్టింది ఈ దారం. రాయి కాదు, నువ్వూ కాదు.”

ఆ అమ్మాయి దగ్గరికి వచ్చి దారాన్ని చూసింది. రోజంతా దారాలతో బతికే మనిషి కనుక చూడగానే అర్థమైపోయింది.

“లోపలికంటా కోసేసిందా?”

“ఎముక దాకా వెళ్లలేదు.”

“కాలుంటుందా?”

“ఉంటుంది. కొంచెం కుంటు మిగులుతుంది.”

“పోనీలెండి,” అంది ఆ అమ్మాయి. వెళ్లి మళ్లీ దుప్పటి మడత పెట్టసాగింది.

నర్సమ్మగారు ఇంకేదో ఆశించారు. ఏడుపు కానీ, ఎత్తిపొడుపు కానీ, కనీసం ఒక నిట్టూర్పు కానీ. తప్పు ఒప్పుకోవడానికి వచ్చిన మనిషికి ఎదుటివాళ్ల కోపం కొంత ఊరటనిస్తుంది. ఆ ఊరట కూడా ఆ అమ్మాయి ఇవ్వలేదు.

“నిన్నన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను,” అన్నారు ఆవిడ. “ఎవరెవరి ముందు అన్నానో వాళ్లందరి ముందూ చెప్తాను. నువ్వు గది ఖాళీ చెయ్యనక్కర్లేదు.”

“చేస్తాను పెద్దమ్మగారూ.”

“కోపమా?”

“కోపమైతే అద్దె తగ్గించమని అడిగేదాన్ని.” ఆ అమ్మాయి నవ్వబోయి ఆగింది. “ఇంకో చోట గది చూసుకున్నాను. ఇరుకే. మిషను పెడితే మేం ఒకళ్ల తరవాత ఒకళ్లం పడుకోవాలి. పాపకి స్కూలు దూరం. అయినా వెళ్తాను.”

“నింద పోయిందని చెప్తున్నాను కదా. ఇంకెందుకు వెళ్లడం?”

“మీరు తీసేసింది పుంజును కొట్టానన్న నింద. నేను వెళ్లేది దానికోసం కాదు.” దుప్పటి మూట మీద పెట్టి, ఆ అమ్మాయి నిటారుగా నిలబడింది. “రాయి వేసిన మాట నిజమే. వేశాను. పుంజు మీద కాదు.”

నర్సమ్మగారు తలుపు చట్రం పట్టుకున్నారు. మేస్త్రిని అడిగిన ప్రశ్నలన్నీ ఈ మాటకే దారి తీస్తున్నాయని ఆవిడకు తెలియకుండానే తెలుసు.

“ఎవరి మీద?”

“చెప్పమంటే చెప్తాను. విన్నాక నమ్మనంటే మాత్రం మళ్లీ చెప్పను.”

“చెప్పు.”

“మీరు ఇళ్లకి ఇంజెక్షన్లు వెయ్యడానికి వెళ్లే వేళ. మీ తమ్ముడుగారు ముందొకసారి కుళాయి కారుతోందా అని వచ్చారు. ఇంకోసారి చొక్కా గుండీ ఊడిందని వచ్చారు. గుమ్మంలోనే నిలబెట్టి కుట్టిచ్చాను. తరవాతొచ్చినప్పుడు తలుపు కొట్టలేదు. లోపలికొచ్చి గడియ మీద చెయ్యి వేశారు. నేను ఆ చేతి కిందనించి దూరి పెరట్లోకి వచ్చేశాను. వెనకే వచ్చారు. రాయి దొరికితే వేశాను, భుజానికి తగిలింది. రెండోది తీసి నిలబడ్డాను. అప్పుడు పుంజు మా ఇద్దరి మధ్యకీ వచ్చి అరిచింది. అది కుంటుతోందని నాక్కూడా అప్పుడే తెలిసింది. గోడ మీద మేస్త్రిగారి తల కనబడేసరికి మీ తమ్ముడుగారు గొంతు మార్చేశారు. మా పుంజును కొడతావా అన్నారు.”

అంతా ఒక్క స్వరంతో చెప్పింది. చాలాసార్లు తనలో తాను చెప్పుకుని నలిగిపోయిన మాటలవి.

తల్లి పోయిన నాటినుంచి చంకనేసుకుని పెంచిన తమ్ముడు. కోర్టులో గుమాస్తాగా చేరిన రోజున ఈవిడ కాళ్లకే దండం పెట్టాడు. భార్య పోయాక ఈ ఇంటికే వచ్చాడు. కాదు, అలాంటివాడు కాదు అని లోపల ఏదో అరిచింది. ఆ అరుపు వెనకే ఇంకొకటి గుర్తుకొచ్చింది. రెండు వారాలుగా వాడు కుడి భుజం నొప్పి అంటున్నాడు. నీళ్లగదిలో జారానన్నాడు. ప్రతి సాయంత్రం మందు రాసి మర్దన చేస్తున్నది ఆవిడే. జారిపడ్డవాడికి భుజం మీద గుండ్రంగా, గుప్పెడంత మచ్చ ఎందుకు పడుతుందో ఆ చేతులు అడగలేదు. మళ్లీ అదే పని. చెప్పిన కథకు కట్టు కట్టడం.

“అప్పుడే నాకు ఎందుకు చెప్పలేదు?” అన్నారు. అంటూనే అది అడగకూడని ప్రశ్న అని ఆవిడకే తోచింది.

“మీరేం అడిగారో గుర్తుందా పెద్దమ్మగారూ? ‘రాయి వేశావా లేదా, ఒక్క మాటలో చెప్పు’ అన్నారు. వేశాను కదా, లేదని ఎలా చెప్పను? ఎందుకు వేశావని అడుగుతారేమో అని చాలాసేపు చూశాను. ఆయన మీ పక్కనే కుర్చీలో కూర్చున్నారు. మీరు అడగలేదు. పుంజును ఒళ్లో పెట్టుకుని దాని తల నిమురుతున్నారు.”

బూడిద పెట్ట బుట్టలో లేచి నిలబడింది. తన పని అయిందని లోకానికి చాటుతూ గొంతెత్తి అరుస్తూ, ఇద్దరి కాళ్ల మధ్యనుంచి పెరట్లోకి వెళ్లిపోయింది. ఆ అమ్మాయి అలవాటు చొప్పున వంగి, బుట్టలోంచి గుడ్డు తీసి, గిన్నె కోసం చూసింది. గిన్నె మూటలో ఉంది. వెచ్చని గుడ్డు చేతిలో పెట్టుకుని ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయింది. రెండు వారాలలో ఆ ముఖం చలించడం నర్సమ్మగారు అప్పుడే చూశారు.

న్యాయం చెప్పడం తమకు తెలుసని ఆవిడ ఇన్నాళ్లూ అనుకున్నారు. కుళాయి ఎవరిదో, కాలవ ఎవరిదో తేల్చడం సులువు. అక్కడ ఆవిడ పోగొట్టుకునేది ఏమీ ఉండదు. తనది అనుకున్నదాన్ని బోనులో నిలబెట్టవలసి వచ్చినప్పుడు కదా ఆ మాట నిజమో కాదో తెలిసేది. ఈ అమ్మాయిని నమ్మితే తమ్ముడు పోతాడు. నమ్మకపోతే సాయంత్రానికి ఈ గది ఖాళీ అవుతుంది, అంతా సర్దుకుంటుంది, ఎవరూ ఏమీ అనరు. ఎంత సులువుగా ఉందో ఆ రెండో దారి.

వీధి గేటు కిర్రుమంది. బయట ట్రాలీ ఆటో ఆగిన చప్పుడు.

“అక్కా,” అని తమ్ముడి గొంతు హుషారుగా వినిపించింది. “సామాను బండి నేనే మాట్లాడి తెచ్చాను. తొందరగా ఎక్కించమను. వాడికి మళ్లీ ఇంకో బేరం ఉందిట.”

ఆ అమ్మాయి చేతిలోని గుడ్డు జాగ్రత్తగా కిటికీ గట్టు మీద పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అడుగు నర్సమ్మగారు చూశారు. ఏ సాక్ష్యమూ చెప్పలేనిది ఆ అడుగు చెప్పింది.

“వెనక్కి పోకు,” అన్నారు ఆవిడ. “నా వెనకా నిలబడకు. పక్కన నిలబడు. ఆ రోజు అడగనిది ఇవాళ అందరి ముందూ అడుగుతాను. ఆ రోజు చెప్పనిది నువ్వు చెప్పాలి. చెప్పగలవా?”

ఆ అమ్మాయి మిషను మీద పెట్టిన పైట పిన్ను తీసి భుజాన గట్టిగా గుచ్చుకుని, గుమ్మం దాటి వచ్చి, ఆవిడ పక్కన నిలబడింది.

“మేస్త్రీ,” అని నర్సమ్మగారు గొంతెత్తారు. “పుంజును గంప కింద పెట్టి ఇలా రా. నువ్వు చూసింది చూసినట్టు చెప్పాలి. నీకు అనిపించింది నాకొద్దు.”

తమ్ముడు పెరటి తలుపు తోసుకుని వచ్చాడు. ఎడమ చేత్తో తోశాడు. కుడి చెయ్యి ఒంటికి అంటుకునే ఉంది. అక్కనూ, పక్కన ఉన్న అమ్మాయినీ, రాతి మీద విప్పి పడేసిన కట్టునూ వరసగా చూశాడు. నవ్వు మాత్రం ముఖం మీద అలాగే నిలబెట్టుకున్నాడు.

“ఏంటక్కా అలా నిలబడ్డారు? వాడు హారన్ కొడుతున్నాడు. ముందు మిషను ఎక్కించమననా?”

“ఇంకా ఏమీ ఎక్కించొద్దు. నువ్వు ముందు ఆ చొక్కా విప్పి, భుజం చూపించు,” అన్నారు నర్సమ్మగారు. “బండివాణ్ణి ఉండమను. ఎవరి సామాను ఎక్కించాలో ఇంకా తేలలేదు.”